కుడి నుంచి చదివిన ఊరు

ఆ నెల మొదటి సోమవారం పొద్దున కల్పన తన నోట్‌బుక్కులో రాసుకున్న పనులు ఇవి. కొత్తగా వచ్చిన ఇరవై రెండు పుస్తకాలకు నంబర్లు వేయాలి, అదీ పెన్సిల్‌తో, పెన్ను తగలొద్దు. అన్నిటికీ ఖాకీ అట్టలు వేయాలి, లోపలి అట్టకు గోందు అంటకుండా. కిటికీ పక్కనున్న అల్మారా దులపాలి. అందులోని పాత రిపోర్టులు మూటగట్టి మేడ మీది గదిలో పెట్టాలి. తాతకు కండ్లల్ల వేసుకునే చుక్కల మందు తేవాలి. అమ్మను బ్యాంకుకు తీసుకుపోవాలి. ఇరవై రెండు పుస్తకాలూ తాను చదవాలి. ఒక్కోదానికి ముగ్గురు పాఠకులతో అభిప్రాయం రాయించాలి. ఇదంతా నెలాఖరు శనివారం లోపల.

చివరి రెండు పనుల కింద రెండేసి గీతలు గీసుకుంది.

నాందేడ్‌లో వజీరాబాద్ దాటినాక లోపలి గల్లీలో ఉన్న ఆ వాచనాలయంలో, అంటే చిన్న గ్రంథాలయంలో, కల్పన పనికి చేరి ఆరు నెలలయింది. తండ్రి మల్లేశం రైల్వేలో ట్రాక్‌మ్యాన్. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి కల్పన, డిగ్రీ చదివిన మొదటి మనిషీ ఆమే. లైబ్రరీ కోర్సు కూడా పూర్తి చేసి, పొద్దున తొమ్మిదికి తాళం తీసి, సాయంత్రం ఆరుకు తాళం వేసే ఉద్యోగం సంపాదించుకుంది.

వాచనాలయం పేరుకే వాచనాలయం. అక్కడికి వచ్చే అరవై మంది పిల్లలూ పోలీసు భర్తీకో, తలాఠీ అనే పట్వారీ కొలువు పరీక్షకో తయారయ్యేవాళ్లే. వాళ్లకు కావలసింది గైడ్లు. కథల పుస్తకం తీసే చెయ్యి ఒక్కటి కనిపించేది కాదు. అందుకే కమిటీ సెక్రటరీ సూర్యకాంత్ సర్‌ను కల్పన మూడు నెలలు అడిగి అడిగి, చివరికి ఒప్పించింది. ఈ మధ్య వస్తున్న యువకుల నవలలు, బొమ్మల నవలలు ఒక పెట్టెడు తెప్పించింది. నచ్చినవి ఉంచుకొని, నచ్చనివి నెల లోపల వాపసు చేసే ఒప్పందం మీద దుకాణం వాళ్లు పంపించారు.

సూర్యకాంత్ సర్ రిటైరైన గణితం మాస్టరు. మంచివాడే. లెక్క ప్రకారం మంచివాడు.

"అగ కల్పనా, ఈ పిల్లలకు కావలసింది నౌకరీ, కథలు కాదు," అన్నాడు మరాఠీలో. "అయినా నీ మాట కాదనను. ఏ పుస్తకం ముగ్గురు చదివి, ఎందుకు బాగుందో రాసిస్తారో అది ఉంటుంది. లేనిది వాపసు. ఉద్యోగివి కాబట్టి నీ అభిప్రాయం లెక్కలోకి రాదు. బరం?"

"సరే సర్."

"పుస్తకాలు మిగలకపోతే ఆ అల్మారా గైడ్లకు ఇచ్చేద్దాం. ఇప్పటికే పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు."

కల్పన తల ఊపింది కానీ ఆమె గుండె ఆ అల్మారాలోనే ఉండిపోయింది. చిన్నప్పుడు ఆమె ఒక్క కథల పుస్తకం చదవలేదు. ఇంట్లో పుస్తకం అంటే పాఠ్యపుస్తకం, పాఠ్యపుస్తకం అంటే పరీక్ష. పదిహేనేండ్ల పిల్లలు చదవాల్సిన పుస్తకాలు ఇరవై నాలుగేండ్లకు చేతికొచ్చాయి. పెండ్లిలో ఆఖరి పంక్తిలో కూర్చున్నా విస్తట్లో అన్నీ పడినట్టయింది ఆమె పని.

మొదట చదివింది మరాఠీ నవల. పేరు పెద్దది కాబట్టి నోట్‌బుక్కులో దానికి 'చెరుకు పిల్ల' అని పెట్టుకుంది. చెరుకు కొట్టే కూలీల కూతురు హాస్టల్లో చదువుతుంటుంది. వాళ్లమ్మ నర్సు అని స్నేహితురాళ్లకు చెప్పుకుంటుంది. ఒకనాడు ఆ తల్లి చెరుకాకు కోసిన గాట్లున్న చేతులతో హాస్టల్ గేటు కాడికి వస్తే, 'ఆమె మా ఇంట్లో పనిచేసే బాయి' అని వాచ్‌మన్‌తో అంటుంది ఆ పిల్ల.

ఆ పేజీ దగ్గర కల్పన పుస్తకం మూసి, కిటికీలోంచి గల్లీ చూస్తూ కూర్చుంది. ఎనిమిదో తరగతిలో, 'నారింజ కోటు వేసుకొని బడి కాడికి రాకు బాపూ' అని తాను మల్లేశంతో అన్న మాట గుర్తుకొచ్చింది. ఆ తర్వాత మల్లేశం ఎప్పుడూ రాలేదు. ఎందుకని అడగనూ లేదు.

నోట్‌బుక్కులో ఇట్లా రాసుకుంది: 'ఈ రచయిత్రి పిల్లను తిట్టలేదు. తల్లిని దేవతను చేయలేదు. ఇద్దరినీ గేటుకు ఆ పక్క ఒకరిని, ఈ పక్క ఒకరిని నిలబెట్టి పక్కకు తప్పుకుంది. అట్లా తప్పుకోవడానికి చాలా ధైర్యం కావాలి. చివర్లో హెడ్‌మాస్టర్ ఉపన్యాసం ఒక్కటి తీసేస్తే ఇంకా బాగుండేది.'

రెండోది ఇంగ్లీషు బొమ్మల నవల. మాట తడబడే కుర్రవాడి కథ. దాన్ని కల్పన ఇరవై నిమిషాల్లో చదివేసి, ఇందులో ఏమీ లేదే అనుకుంది. పరీక్షకు చదివినట్టు అక్షరాలు మాత్రమే చదివి పేజీ తిప్పేసింది మరి. టేబుల్ మీద పెట్టిన పుస్తకాన్ని దీపాలి అందుకుంది. దీపాలి పోలీసు భర్తీ పిల్ల. పొద్దున ఐదు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, మధ్యాహ్నం దాకా గైడు మీద కునికిపాట్లు పడే మనిషి. ఇంగ్లీషంటే ఆమడ దూరం.

"ఏమే కల్పనా, ఈ పోరని అంగీ జేబు పేజీ పేజీకి ఉబ్బుకుంట పోతున్నదేంది?" అంది దీపాలి. వాళ్లదీ కల్పన వాళ్లలాగే తెలంగాణ సరిహద్దున ఉన్న కుండల్‌వాడి దిక్కే. ఇద్దరూ కలిస్తే తెలుగే.

"ఏ జేబు?"

"ఇగో, చూడు. మాట గొంతులనే ఆగినప్పుడల్లా ఒక రాయి జేబుల పడ్తున్నది. ఇక్కడికొచ్చేసరికి వంగి నడుస్తున్నడు. కండ్లు పోయినయా నీకు?"

కల్పన చూసింది. నిజమే. ప్రతి పేజీలోనూ ఉంది. పోరడు బాధపడ్డాడని ఎక్కడా రాసి లేదు. ఆ బరువంతా జేబులో పెట్టి చూపించాడు బొమ్మలేసినాయన. ఇంగ్లీషు వచ్చిన తాను జేబు చూడలేదు. రాని దీపాలి చూసింది. ఆ రోజు నుంచి కల్పన బొమ్మల నవలలను రెండుసార్లు చదవడం మొదలుపెట్టింది, ఒకసారి మాటలకు, ఒకసారి బొమ్మలకు.

మూడోది హైదరాబాద్ నుంచి వచ్చిన తెలుగు నవల. ఇద్దరు ఆడపిల్లలు కుస్తీ నేర్చుకునే కథ. దానికి పదకొండు రోజులు పట్టింది. కల్పన చదువంతా మరాఠీలో సాగింది. తెలుగు అక్షరాలు ఇంట్లో గోడ క్యాలెండర్ మీద తండ్రి వేలుపెట్టి నేర్పినవి. గుణింతం గుణింతం కూడబలుక్కుంటూ నాలుగో పేజీలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. 'పోయిండు' అని అచ్చయి ఉంది. ఇంట్లో అమ్మ అనే మాట, బయట ఎవరైనా వింటే నవ్వుతారని తాను మింగేసే మాట, అచ్చులో, పైగా మంచి కాగితం మీద. ఆ పుస్తకంలో కుస్తీ కంటే ఆ మాటే ఎక్కువ నచ్చిందని రాస్తే బాగుండదేమో అనుకొని, అయినా అదే రాసుకుంది.

ఇక నాలుగోది. ఆ పుస్తకం కోసమే ఈ కథంతా.

అందులో మాటల్లేవు. తొంభై ఆరు పేజీలు, ఒక్క అక్షరం లేదు, పేజీల మీద నంబర్లు కూడా లేవు. రంగులు రెండే, ఒకటి సిరా నీలం, రెండోది ఒండ్రు మట్టి రంగు. ఒక ముసలవ్వ, ఆమె మనుమరాలు గడప మీద కూర్చొని ఉంటారు. అవ్వ పిల్లకు తల దువ్వుతుంటుంది. ఎవరో కొలతకర్ర పట్టుకొని వచ్చి గోడ మీద గుర్తు వేసి పోతారు. ఒక్కొక్కరే ఊరోళ్లు సామాన్లు టెంపోలకు ఎత్తుతారు. గల్లీలోకి నీళ్లొస్తాయి. అవ్వ గడప దిగదు. నీళ్లు పాదాల దాకా వచ్చినాక ఎవరో చెయ్యిపట్టి పడవెక్కిస్తారు. వెనక ఊరి గోడలు మునిగిపోతాయి. తర్వాత పట్నంలో రేకుల షెడ్డు. చివరి బొమ్మలో మంచం ఖాళీగా ఉంటుంది. పిల్ల తన జడ తానే వేసుకుంటుంటుంది.

ఆ రోజు కల్పన డబ్బా విప్పలేదు. తెచ్చిన రొట్టె తెచ్చినట్టే ఇంటికి తీసుకుపోయి, తల్లితో తిట్లు తిన్నది.

'ఏడ్పించాలని ఎక్కడా ప్రయత్నించలేదు,' అని రాసుకుంది. 'నీళ్లను ఎంత అందంగా వేశారంటే ముందు చూసి మురిసిపోతాము, తర్వాత ఆ మురిసినందుకు సిగ్గుపడతాము. ఇంత గొప్ప పుస్తకం నేను చదవలేదు.'

కానీ దాన్ని చదివేవాళ్లేరి? నెల మూడో వారానికి పద్నాలుగు పుస్తకాలకు మూడేసి అభిప్రాయాలు వచ్చేశాయి. చెరుకు పిల్లకైతే తొమ్మిది వచ్చాయి. ఈ మాటల్లేని పుస్తకాన్ని మాత్రం పిల్లలు రెండు నిమిషాల్లో తిరగేసి తిరిగి ఇచ్చేశారు. "మేడం, ఇందులో చదవడానికేముంది?" అన్నాడొకడు. "ఖాళీ పేపర్ ఇచ్చి మార్కులు అడిగినట్టుంది," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. దీపాలి ఒక్కతే కూర్చొని చదివి అభిప్రాయం రాసింది. ఒకటయింది. ఇంకా రెండు కావాలి.

మిగతా ఏడు పుస్తకాలు వాపసు పోతే పోనీ అనుకోగలిగింది కల్పన. దీన్ని మాత్రం పెట్టెలో పెట్టి తాడు కట్టడానికి చేతులు రాలేదు. ఆదివారం దాన్ని సంచిలో వేసుకొని రైల్వే క్వార్టర్‌కు తీసుకుపోయింది.

ఆ ఇంట్లో నలుగురికి నాలుగు చదువులు. తాత ముత్తన్న నిజాం కాలపు బడిలో ఉర్దూలో మూడో జమాత్ దాకా చదివాడు. తండ్రి మల్లేశం తెలుగులో నాలుగో తరగతి. కల్పనది మరాఠీ చదువు. తల్లి కోటమ్మకు ఏ అక్షరమూ రాదు. ఒకే పుస్తకాన్ని ఆ ఇంట్లో ఇద్దరు చదివిన రోజు అంతవరకు లేదు.

కోటమ్మ కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. కల్పన పక్కన కూర్చొని ఒక్కో పేజీ తిప్పుతుంటే, చేటలోంచి తల ఎత్తి చూసింది.

"ఈ ముసల్ది ఇల్లు ఇడిసిపోతూ పొయ్యి ఎందుకిడిసిపెట్టిందే? సామానంతా ఎత్తుకున్నది గదా."

"మట్టి పొయ్యి ఎట్ల తీస్కపోతరమ్మా?"

"పొయ్యి తీస్కపోరు. ఒక్క గడ్డ పగలగొట్టి తీస్కపోతరు. కొత్త పొయ్యిల కలుపుకోవాలె గదా. ఈ బొమ్మలేసినోళ్లకు ఊరు తెల్వదు, ఏం తెల్వదు." రెండు పేజీలు పోయాక కోటమ్మ చేట కింద పెట్టేసింది. "ఆఁ, తెల్సు తెల్సు. కొంగుల గడ్డ కట్టుకున్నది చూడు. ముడి కనవడ్తలేదా నీకు?"

కల్పన నాలుగుసార్లు చదివిన పుస్తకం అది. ఆ ముడి ఒక్కసారీ కనపడలేదు. అమ్మ చెప్పిన మాటలు మరాఠీలో అభిప్రాయ పత్రం మీద రాసి, కింద వేలిముద్ర వేయించుకుంది. రెండయింది.

"తాతా, నువ్వు గూడ చూస్తవా?"

"తే. కొత్త చుక్కల మందు పనిచేస్తున్నదో లేదో చూద్దాం," అన్నాడు ముత్తన్న. ఎనభై ఐదు దాటినా మాటలో పదును తగ్గలేదు.

పుస్తకం ఆయన ఒళ్లో పెట్టి కల్పన బట్టలుతకడానికి పోయింది. ఉతికి, ఆరేసి, నీళ్లు పట్టి వచ్చేసరికి రెండు గంటలు దాటింది. ముత్తన్న ఇంకా పుస్తకం మీదే వంగి ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"అయిపోయింది బిడ్డా. మస్తుగున్నది. ఎంత మంచిగ రాసిండ్రు. ఊరు మల్ల ఒడ్డుకచ్చింది!"

"ఊరు ఒడ్డుకొచ్చుడేంది?"

"షురూల ఉత్త మంచమే ఉంటది గదా. పోరి ఒక్కతే జడేసుకుంటది. పాపం, ఎవ్వరు లేరేమో అనుకున్న. ఇంతల ముసల్ది కనవడ్డది. ఇద్దరు పడవెక్కి ఊరికి పోయిండ్రు. నీళ్లు జర జర దిగినయి. ముందు గోడలు తేలినయి, ఎనక రంగు తేలింది. ఊరోళ్లంత టెంపోలల్ల సామాను తెచ్చుకున్నరు. ఆఖరికి ముసల్ది మంచిగ తన గడప మీద తాను కూసొని పోరికి తల దువ్వుతున్నది. ఇగో చూడు."

అప్పుడు అర్థమయింది కల్పనకు. మూడు జమాతులు ఉర్దూ చదివిన చెయ్యి పుస్తకాన్ని కుడి దిక్కు నుంచి తెరిచింది. పైన ఖాకీ అట్ట, లోపల అక్షరం లేదు. ముందేదో వెనకేదో చెప్పే గుర్తే లేదు. పేజీ లోపలి బొమ్మలను కూడా ఆయన కుడి నుంచి ఎడమకే చూసుకుంటూ పోయాడు.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వింది కూడా. "అయ్యో తాతా, మొత్తం ఉల్టా చదివినవ్! ఇది మొదటి పేజీ. ఊరు మునిగిపోతది. ముసలవ్వ రేకుల షెడ్డుల సచ్చిపోతది. గందుకే మంచం ఉత్తగుంటది."

ముత్తన్న పుస్తకం మూశాడు. అట్ట మీద అరచెయ్యి పెట్టి కొంచెంసేపు అట్లాగే ఉంచాడు.

"గట్లనా," అన్నాడు తర్వాత. "నాదేం చదువు బిడ్డా. మూడో జమాత్. తీస్కపో."

"అభిప్రాయం చెప్తవా? రాసుకుంట."

"తప్పు చదివినోని అభిప్రాయం ఎందుకు నీకు?"

అటు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం చాయ్‌కు పిలిచినా లేవలేదు.

సోమవారం, మంగళవారం అట్లాగే గడిచాయి. అడిగితే ఒకటే జవాబు: "నాకు సమజ్ కాదు పో." బుధవారం వాచనాలయంలో ఖాళీ అభిప్రాయ పత్రం ముందు పెట్టుకొని కూర్చుంది కల్పన. కాలేజీలో మొదటి ఏడాది ఇంగ్లీషు మేడం పాఠం మధ్యలో తనను లేపి అడిగితే, తాను చెప్పిన జవాబుకు తరగతి అంతా నవ్వింది. ఆ తర్వాత మూడేండ్లు ఆ తరగతిలో ఆమె నోరు తెరవలేదు. ఆ మేడం చెడ్డమనిషేం కాదు. తప్పును తప్పు అన్నది, అంతే. తాతతో తాను చేసిందీ అదే కదా అనిపించి, కల్పనకు చెవులు వేడెక్కాయి.

పుస్తకం తీసింది. ఈసారి కుడి దిక్కు నుంచి తెరిచింది.

మొదట చెయ్యి తడబడింది. కన్ను ఎడమకు పరుగెత్తుతుంటే పట్టి కుడికి లాక్కోవలసి వచ్చింది. నాలుగైదు పేజీలకు అలవాటయింది. ఖాళీ మంచం. పిల్ల. తర్వాతి పేజీలో మంచం మీద ముసలవ్వ. మనిషి లేని చోట మనిషి వచ్చి కూర్చుంటే ఎంత సంబరంగా ఉంటుందో మొదటిసారి చూసింది. ఎడమ నుంచి చదివినప్పుడు ఆమె కన్ను నీళ్ల మీదే ఉండేది. కుడి నుంచి చదివితే అవ్వ చేతుల మీద పడింది. పడవ అంచు పట్టుకున్న చేతులు, తడి గోడను తడిమిన చేతులు, దువ్వెన పట్టిన చేతులు. రెండు దిక్కుల నుంచీ నిలబడేట్టు ఒక్కో బొమ్మా గీసుకున్నారు. కావాలనే గీశారో, తెలియకుండా అట్లా కుదిరిందో ఆమెకు తెలియదు. మంచి ఇల్లు కడితే రెండు వాకిళ్లూ వాడుకోవచ్చు, కట్టినాయన ఏమనుకొని పెట్టాడని ఎవరు అడుగుతారు?

గురువారం పొద్దున పనికి పోయే ముందు తాత మంచం కాడ కింద కూర్చుంది.

"తాతా, నేను గూడ కుడి దిక్కు నుంచి చదివిన."

"మల్ల?"

"తప్పు నాదే. సగం పుస్తకమే చదివిన ఇన్ని రోజులు. ఒక్కసారి నువ్వు చదివి వినిపియ్యి. నేను నడుమల మాట్లాడ."

ముత్తన్న ఆమె ముఖం వంక చూశాడు, ఎగతాళి చేస్తోందేమోనని. తర్వాత లేచి గోడకు ఆనుకున్నాడు. కుడి నుంచి తెరిచి, ఒక్కో బొమ్మ మీద వేలు ఆనించి కథ చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో ఎక్కడో దగ్గి, మళ్లీ మొదలుపెట్టాడు. గడప బొమ్మ దగ్గర మాత్రం వేలు తీయకుండా ఉండిపోయాడు.

కల్పన పత్రం, పెన్ను ఇచ్చింది.

"ఏ జబాన్ల రాయాలె?"

"నీకొచ్చిన భాషల రాయి."

"చెయ్యి వణుకుతది."

"వణకనియ్యి."

రెండు రోజులు రాశాడు. ముందు పక్క నిండితే తిప్పి వెనక పక్క రాశాడు. శనివారం పొద్దున నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. విప్పి చూస్తే చీమలు బారులు తీరినట్టున్న ఉర్దూ. ఇంట్లో చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు.

"ఏం రాసినవ్ తాతా?"

"కమిటీకి రాసిన. నీకు కాదు," అన్నాడు ముత్తన్న. "పో, నీకు టైమైతలేదా?"

కమిటీ నాలుగు గంటలకు కూర్చుంది. సూర్యకాంత్ సర్ ఒక్కో పుస్తకానికి పత్రాలు లెక్కబెట్టి టిక్కు పెట్టుకుంటూ పోయాడు. పక్కన ఇంకో కమిటీ మెంబరు, బట్టల దుకాణం రామకిషన్ శేఠ్, ఎప్పటిలాగే కండ్లు మూసుకొని ఉన్నాడు. శేఠ్‌కు కూడా ఎనభై దాటింది. మీటింగు మొదలవగానే కునుకు, చాయ్ రాగానే మెలకువ. ఏండ్లుగా అదే ఆనవాయితీ.

మాటల్లేని పుస్తకం వంతు వచ్చింది.

"ఇదేంటి కల్పనా? వేలిముద్ర?" సర్ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "అక్షరం రాని మనిషి పుస్తకం మీద అభిప్రాయమా?"

"సర్, ఈ పుస్తకంలో అక్షరమే లేదు," అంది కల్పన.

ఆయన పుస్తకం నాలుగు పేజీలు తిప్పి చూశాడు. వేలిముద్ర ఉన్న పత్రం చదివాడు. కొంగు ముడి కోసం వెతికి పట్టుకున్నాడు. "అవును, ఉంది," అని గొణిగి టిక్కు పెట్టాడు. తర్వాత మూడో పత్రం విప్పాడు.

"ఇది నేనెట్లా చదివేది? బాగుందని రాశారో, పారేయమని రాశారో ఎవరికి తెలుసు? నీకు తెలుసా?"

"తెలియదు సర్."

"తెలియని అభిప్రాయాన్ని ఎట్లా లెక్కపెట్టను? అన్యాయం చేస్తున్నానని అనుకోకు. చదవలేనిది లేనట్టే." ఆయన చెయ్యి వాపసు పుస్తకాల దిక్కు జరిగింది.

రెండు దినాలు తాత వణికే చేతిని ఇంకో చేత్తో పట్టుకొని రాసిన పత్రం అది. సాయంత్రం ఇంటికి పోయి ఏం చెప్పాలి? నీ రాత ఎవరికీ సమజ్ కాలేదని చెప్పాలా?

"ఇటివ్వు," అన్నారెవరో.

రామకిషన్ శేఠ్ కండ్లు తెరిచి ఉన్నాడు. చాయ్ ఇంకా రాలేదు. పత్రం అందుకొని వెలుతురుకు పెట్టి చూశాడు. "అరె వా! ఈ రాత చూసి ఎన్నేండ్లయింది! మా దుకాణం పాత చిట్టాలన్నీ ఇట్లాగే ఉండేవి. మా మాస్టరు బెత్తం పట్టుకొని నేర్పిండు." పెదవులు కదుపుతూ చదవసాగాడు. సగంలో చదవడం ఆపి, "పుస్తకం ఏది?" అన్నాడు. కల్పన ఇచ్చింది. ఆయన దాన్ని తీసుకొని, ఆలోచించకుండానే, కుడి దిక్కు నుంచి తెరిచాడు.

"శేఠ్‌జీ, తిరగేసి పట్టుకున్నారు," అన్నాడు సూర్యకాంత్ సర్.

"మాస్టర్, నువ్వు జర ఆగు."

శేఠ్ ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పాడు. చాయ్ వచ్చి చల్లారిపోయింది. గడప బొమ్మ దాకా పోయి, పుస్తకం తెరిచి ఉంచే, పత్రం అందరికీ చదివి వినిపించాడు, మరాఠీలోకి మార్చి మార్చి. విన్నాక సూర్యకాంత్ సర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మూడో టిక్కు పెట్టాడు. కిటికీ పక్క అల్మారాలో పై రెండు అరలు కథలకు, కింది మూడు అరలు గైడ్లకు అని తేల్చాడు. అది ఆయన లెక్క. కల్పన కాదనలేదు.

ముత్తన్న రాసిన పత్రాన్ని కల్పన శేఠ్ చేత రెండోసారి చదివించుకొని, తెలుగులోకీ మరాఠీలోకీ దించుకుంది. అందులో ఉన్న ఒక మనిషి పేరు ఆమె ఇంట్లో ఎప్పుడూ వినలేదు. 'మన ఊరు నీళ్లల్ల పోయింది' అని అందరూ అనేవారు, ఆ ఊళ్లో ఎవరున్నారో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడా పత్రం నకళ్లు పుస్తకం రెండు అట్టల లోపలా అతికించి ఉన్నాయి, ఎటు నుంచి తెరిచినా కనిపించేట్టు. అందులో ఉన్నది ఇది:

'నేను ముత్తన్న. మూడో జమాత్ పాస్. ఈ కితాబు నేను కుడి దిక్కు నుంచి చదివిన. నా మనుమరాలు ఎడమ దిక్కు నుంచి చదివింది. ఆమెదే సీదా అట. అయినా నేను చదివిందే నాకు మంచిగున్నది. బొమ్మలేసినోళ్ల చెయ్యి సల్లగుండ. నీళ్లల్ల మునిగేటప్పుడు గోడకు ముందు రంగు పోతది, ఎనక గోడ పోతది. ఆ సంగతి వాళ్లకు ఎట్ల ఎరుకనో, ఎరుకే.

నాకు ఒక అక్క ఉండె. లచ్చవ్వ. నేను బడికి పోతే నా మేకలు ఆమె కాసింది. గందుకే నాకు ఈ నాలుగు ముక్కలు రాయవస్తున్నది. గోదారి మీద ప్రాజెక్టు కట్టి ఊరు ఖాళీ చేయించిన నాడు గడప మీద కూసొని లేవలేదు. చెయ్యి పట్టి లేపింది నేనే. రేకుల షెడ్డుల ఆరు నెలలు బతికింది. ఇంత ముసల్ది గూడ కాదు. ఆమెది ఒక్క ఫోటో లేదు. ఈ కితాబుల అవ్వ కొంగు దోపుకున్న తీరు మాత్రం అచ్చం ఆమెదే.

చదివేటోళ్లు మీకు ఏ దిక్కు నుంచి వస్తే ఆ దిక్కు నుంచి చదువుండ్రి. గడప మీద ఆమె కూసున్న కాడ ఒక్క నిమిషం ఆగుండ్రి. మా లచ్చక్కను యాద్ చేసుకోండ్రి.'